ఏ కమాండూ ఫెయిల్ కాలేదు, అయినా డేటాబేస్ పోయింది: ఒక అన్‌ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ కేస్ స్టడీ

నేపథ్యం

లినక్స్ సర్వర్ల నిర్వహణలో సంస్థలకు సలహా ఇవ్వడం నా పని. ఈ కేసు చాలా ఊళ్లలో బ్రాంచీలున్న ఒక సంస్థది. సంస్థ పేరు, అది చేసే వ్యాపారం, తీసేయాలనుకున్న సాఫ్ట్‌వేర్ పేరు ఇక్కడ రాయడం లేదు. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు తీసేశాను. సాంకేతికంగా జరిగినది మాత్రం జరిగినట్టే ఉంది.

ప్రతి బ్రాంచిలో ఉబుంటు 22.04 నడిచే సర్వర్ ఒకటి ఉంటుంది. రోజువారీ ఎంట్రీలన్నీ దానిలోని పోస్ట్‌గ్రెస్ 14 డేటాబేస్‌లోకి వెళ్తాయి. రాత్రిపూట ఆ డేటాబేస్ బ్యాకప్ హెడ్ ఆఫీసుకు చేరుతుంది. సర్వర్ల ఆరోగ్యం కనిపెట్టడానికి చాలా ఏళ్ల క్రితం ఒక మానిటరింగ్ ఏజెంట్ పెట్టారు. దాని లైసెన్స్ ముగిసింది, కొత్త ఏజెంట్ వచ్చేసింది. పాతదాన్ని అన్ని బ్రాంచీల నుంచి తీసేయాలి. చూడటానికి చిన్న పనే.

తర్వాత జరిగిన దానికంతటికీ మూలమైన సంగతి ఒకటి ముందే చెప్పాలి. ఈ సర్వర్లను మొదట సిద్ధం చేసిన ఇంజినీర్ ఒక మెటా-ప్యాకేజీ తయారు చేసుకున్నారు. దానిలో సొంత ఫైళ్లు ఏమీ ఉండవు, డిపెండెన్సీల (దానితో పాటు తప్పక ఉండాల్సిన ఇతర ప్యాకేజీల) జాబితా మాత్రమే ఉంటుంది. అది ఒక్కటి ఇన్‌స్టాల్ చేస్తే పోస్ట్‌గ్రెస్, వెబ్ సర్వర్, పాత మానిటరింగ్ ఏజెంట్, మిగతావీ అన్నీ వచ్చేస్తాయి. కొత్త బ్రాంచి తెరిచినప్పుడు సర్వర్‌ను అరగంటలో సిద్ధం చేయడానికి ఇది మంచి పద్ధతే. తయారు చేసిన ఇంజినీర్ తర్వాత సంస్థ వదిలి వెళ్లారు. ప్యాకేజీ మిగిలింది, అది ఉందన్న సంగతి మాత్రం కొత్త టీమ్‌లో ఎవరికీ తెలియదు.

వచ్చిన సమస్య

సంస్థలోని ఒక జూనియర్ ఇంజినీర్ స్క్రిప్ట్ రాశారు. ముందు ఏజెంట్ కాన్ఫిగ్ ఫైల్ చదివి, దాని హోమ్ డైరెక్టరీ ఎక్కడుందో తెలుసుకుంటుంది. సర్వీస్‌ను ఆపుతుంది. ఉబుంటులో ప్యాకేజీలను పెట్టే, తీసే పనిముట్టు ఆప్ట్. దాని కమాండ్ అయిన ఆప్ట్-గెట్ పర్జ్‌తో ఏజెంట్‌ను కాన్ఫిగ్‌తో సహా తీసేస్తుంది. ఆటోరిమూవ్‌ను కూడా పర్జ్ ఆప్షన్‌తోనే నడిపి, అవసరం లేని ప్యాకేజీలను ఊడ్చేస్తుంది. చివరగా ఆర్ఎం కమాండ్‌తో హోమ్ డైరెక్టరీలో మిగిలినవి చెరిపేసి, హెడ్ ఆఫీసుకు 'సక్సెస్' అని కబురు పంపుతుంది. మధ్యలో ప్రశ్నలు అడగకుండా, ప్యాకేజీల తరఫున ఆ ప్రశ్నలు అడిగే డెబ్‌కాన్ఫ్‌ను నాన్-ఇంటరాక్టివ్‌గా పెట్టారు.

ముందుగా ఒక బ్రాంచిలో నడిపారు. సక్సెస్ అని వచ్చింది. కాసేపటికి ఆ బ్రాంచి నుంచి ఫోన్: అప్లికేషన్ తెరుచుకోవడం లేదు. సర్వర్‌లోకి వెళ్లి చూస్తే పోస్ట్‌గ్రెస్ లేదు, డేటా డైరెక్టరీ కూడా లేదు. ముందు రాత్రి బ్యాకప్ ఉండబట్టి బతికారు. ఆ ఉదయం నుంచి చేసిన ఎంట్రీలను కాగితాలు చూసి మళ్లీ కొట్టుకోవాల్సి వచ్చింది.

నన్ను పిలిచేసరికి టీమ్ తన వైపు నుంచి కారణం తేల్చేసుకుంది. "ఎక్కడో ఎర్రర్ వచ్చి ఉంటుందండీ, స్క్రిప్ట్ ఆగకుండా ముందుకు పోయి ఉంటుంది. అందుకే పైన సేఫ్టీ ఆప్షన్లు పెట్టేశాం" అన్నారు మేనేజర్. కమాండ్ ఫెయిలైతే స్క్రిప్ట్‌ను ఆపే సెట్ మైనస్ ఈ, విలువ ఇవ్వని వేరియబుల్ వాడితే ఆపే సెట్ మైనస్ యు, పైప్‌తో కలిపిన కమాండ్లలో ఏ ఒక్కటి ఫెయిలైనా మొత్తం ఫెయిలైనట్టు లెక్కించే పైప్‌ఫెయిల్ మూడూ కలిపి మొదటి లైన్లో చేర్చారు. స్క్రిప్ట్‌ను శుభ్రంగా ఫంక్షన్లుగా కూడా విడగొట్టారు. కొత్త వెర్షన్‌ను ఒకసారి చూసి సరేనంటే మిగతా బ్రాంచీల్లో నడిపేస్తామన్నారు.

ముందు లాగ్‌లు

స్క్రిప్ట్ చూడటానికి ముందు, పాడైన సర్వర్‌లోని ఆప్ట్ లాగ్‌లు అడిగాను. స్క్రిప్ట్ చూస్తే రాసినవాళ్ల ఉద్దేశం తెలుస్తుంది, లాగ్ చూస్తే మెషీన్ ఏం చేసిందో తెలుస్తుంది. ఆప్ట్ రెండు లాగ్‌లు ఉంచుతుంది. హిస్టరీ లాగ్‌లో ఏ కమాండ్ ఇచ్చారు, ఏ ప్యాకేజీలు వచ్చాయి, ఏవి పోయాయి అన్నది ఉంటుంది. టెర్మినల్ లాగ్‌లో ఆ సమయంలో తెర మీద కనిపించిన మాటలన్నీ ఉంటాయి.

హిస్టరీ లాగ్‌లో రెండు ఎంట్రీలు కనిపించాయి. మొదటిది ఏజెంట్ పర్జ్. దానితో పాటు మెటా-ప్యాకేజీ కూడా పోయింది. ఏజెంట్ తన డిపెండెన్సీ కాబట్టి, అది లేకుండా మెటా-ప్యాకేజీ ఉండలేదు. రెండోది ఆటోరిమూవ్. దాని జాబితాలో పోస్ట్‌గ్రెస్ 14 ఉంది, వెబ్ సర్వర్ ఉంది, ఇంకా చాలా ఉన్నాయి. టెర్మినల్ లాగ్‌లో 'డ్రాపింగ్ క్లస్టర్ మెయిన్' (అంటే 'మెయిన్' అనే డేటాబేస్ సముదాయాన్ని చెరిపేస్తున్నాను) అన్న లైన్ స్పష్టంగా ఉంది.

ఇది ఎలా జరుగుతుందంటే, ప్రతి ప్యాకేజీ మనం అడిగితే వచ్చిందా, వేరేదాని కోసం వెంట వచ్చిందా అని ఆప్ట్ గుర్తుపెట్టుకుంటుంది. మనం అడిగి తెచ్చుకున్నది 'మాన్యువల్', వెంట వచ్చింది 'ఆటో'. ఈ సర్వర్లలో చేత్తో అడిగింది మెటా-ప్యాకేజీ ఒక్కదాన్నే. పోస్ట్‌గ్రెస్ దాని వెంట వచ్చింది. మెటా-ప్యాకేజీ పోగానే పోస్ట్‌గ్రెస్‌ను అడిగినవాళ్లు ఎవరూ లేరని ఆప్ట్ లెక్కగట్టింది. రోజూ బ్రాంచి మొత్తం దాని మీదే నడుస్తోందని ఆప్ట్‌కు తెలిసే మార్గం లేదు.

పర్జ్ దగ్గర ఇంకో మలుపు ఉంది. రిమూవ్ అంటే ప్రోగ్రామ్ ఫైళ్లు పోతాయి, కాన్ఫిగ్ ఫైళ్లు ఉంటాయి. పర్జ్ అంటే కాన్ఫిగ్ కూడా పోతుంది. దాంతో పాటు ఆ ప్యాకేజీ తయారు చేసినవాళ్లు రాసిన తొలగింపు స్క్రిప్ట్ పర్జ్ పద్ధతిలో నడుస్తుంది. అది ఏం చేస్తుందన్నది ప్యాకేజీని బట్టి మారుతుంది. డెబియన్, ఉబుంటులలో పోస్ట్‌గ్రెస్ సర్వర్ ప్యాకేజీని రిమూవ్ చేస్తే డేటా డైరెక్టరీ భద్రంగా ఉంటుంది. పర్జ్ చేస్తే 'డేటా డైరెక్టరీలను కూడా తీసేయాలా?' అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు ముందే పెట్టి ఉంచిన జవాబు 'అవును'. నాన్-ఇంటరాక్టివ్‌లో ప్రశ్న తెర మీదకు రాదు, జవాబు మాత్రం అమలవుతుంది.

ఈ మొత్తంలో ఎర్రర్ ఎక్కడా లేదు. ప్రతి కమాండూ సున్నా రిటర్న్ చేసింది, అంటే పని సవ్యంగా పూర్తయిందని చెప్పింది. సెట్ మైనస్ ఈ ఆపేది ఫెయిలైన కమాండ్ తర్వాత. ఇక్కడ డేటాబేస్‌ను చెరిపింది ఫెయిల్ కాని కమాండ్. మూడు ఆప్షన్లూ మొదటి రోజే ఉన్నా ఆ బ్రాంచి డేటా అలాగే పోయేది. టీమ్‌తో మొదటి మీటింగ్‌లో ఎక్కువ సమయం ఈ ఒక్క విషయం మీదే పెట్టాను, ఎందుకంటే వాళ్లు మిగతా బ్రాంచీల మీదకు వెళ్లబోతున్నది ఆ మూడు ఆప్షన్ల ధైర్యంతోనే.

కొత్త వెర్షన్ ఎందుకు పనికిరాలేదు

ఆప్షన్లు చేర్చిన వెర్షన్‌ను నేను వెళ్లకముందే వాళ్లు టెస్ట్ వర్చువల్ మెషీన్లలో నడిపి చూశారు. మొదటిసారి రిమోట్‌గా షెల్ (కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) పేరు 'ఎస్‌హెచ్' అని ఇచ్చి నడిపితే, పైప్‌ఫెయిల్ చెల్లని ఆప్షన్ అంటూ ఆగిపోయింది. ఉబుంటులో 6.10 వెర్షన్ నుంచీ, అంటే 2006 నుంచీ, ఎస్‌హెచ్ అంటే బాష్ కాదు, డాష్ అనే వేరే షెల్. 22.04లో వచ్చే డాష్‌కు పైప్‌ఫెయిల్ తెలియదు. స్క్రిప్ట్ పైన బాష్ అని రాసి ఉన్నా, పిలిచేటప్పుడు ఎస్‌హెచ్ అంటే ఆ లైన్‌ను ఎవరూ పట్టించుకోరు. ఇదే కారణంతో, మైనస్ ఈ ఆప్షన్‌ను షెబాంగ్ లైన్లో (ఏ షెల్‌తో నడపాలో చెప్పే మొదటి లైన్లో) పెట్టే అలవాటు ఉన్నవాళ్లు మానుకోవాలి. స్క్రిప్ట్‌ను బాష్ పేరుతో పిలిచినా ఆ ఆప్షన్ మాయమవుతుంది. సెట్ కమాండ్‌గా లోపల రాయడమే క్షేమం.

తర్వాత బాష్‌తోనే నడిపారు. సక్సెస్ అని వచ్చింది, ఏజెంట్ మాత్రం హాయిగా నడుస్తూనే ఉంది. ఇక్కడ నాకు నిజంగా ఆసక్తి కలిగింది.

ఈ కొత్త వెర్షన్ ముందుగా ఏజెంట్ ఉందో లేదో చూస్తుంది. సిస్టమ్‌లోని ప్యాకేజీలను చూపే డీపీకేజీ మైనస్ ఎల్ ఇచ్చే మొత్తం జాబితాను, ఒక కమాండ్ రాసింది మరో కమాండ్‌కు చేర్చే పైప్ ద్వారా, పేరు వెతికే గ్రెప్ మైనస్ క్యూకు పంపుతుంది. గ్రెప్‌కు పేరు దొరికితే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఏళ్లుగా అందరూ రాసే లైనే ఇది. అయితే మైనస్ క్యూ ఇచ్చినప్పుడు గ్రెప్ మొదటి మ్యాచ్ దొరకగానే వెళ్లిపోతుంది. జాబితా పంపుతున్న డీపీకేజీకి ఇంకా రాయాల్సింది ఉంటుంది, అవతల చదివేవాళ్లు ఉండరు. లినక్స్‌లో పైప్ మామూలుగా 64 కిలోబైట్లే పట్టుకుంటుంది, వందల ప్యాకేజీల జాబితా దాన్ని సులువుగా దాటుతుంది. అప్పుడు కెర్నల్ సిగ్‌పైప్ అనే ఆపుచేసే సంకేతం పంపుతుంది, డీపీకేజీ 141 కోడ్‌తో చస్తుంది. పైప్‌ఫెయిల్ లేని రోజుల్లో దాన్ని ఎవరూ చూడరు, చివరి కమాండ్ అయిన గ్రెప్ మాటే చెల్లుతుంది. పైప్‌ఫెయిల్ పెట్టాక పైప్‌లైన్ మొత్తం ఫెయిలైనట్టు లెక్క. ఏజెంట్ దొరికింది కాబట్టే 'దొరకలేదు' అన్న జవాబు వచ్చింది. స్క్రిప్ట్ 'ఇన్‌స్టాల్ అయి లేదు' అనుకుని పని దాటేసి, సక్సెస్ పంపింది. పైగా ఇది రెండు ప్రోగ్రామ్‌ల వేగం మీద ఆధారపడే తప్పు. ఒక మెషీన్లో కనిపించి మరో మెషీన్లో కనిపించకపోవచ్చు.

అలా దాటేయడం వల్ల వాళ్ల టెస్ట్ మెషీన్లు బతికాయి. ఎందుకంటే స్క్రిప్ట్‌ను ఫంక్షన్లుగా విడగొట్టినప్పుడు వరస మారింది. హోమ్ డైరెక్టరీ ఎక్కడుందో చదివే పని పర్జ్ తర్వాతకు జరిగింది. పర్జ్ చేస్తే కాన్ఫిగ్ ఫైల్ పోతుంది కదా. లేని ఫైల్‌ను గ్రెప్ చదవలేదు, వేరియబుల్ ఖాళీగా మిగులుతుంది. ఆ తర్వాతి లైన్ ఆ వేరియబుల్ పక్కన స్లాష్, నక్షత్రం పెట్టి ఆర్ఎం మైనస్ ఆర్ఎఫ్ ఇస్తుంది. వేరియబుల్ ఖాళీ అయితే మిగిలేది స్లాష్, నక్షత్రం. అంటే రూట్ కింద ఉన్నదంతా.

మూడు ఆప్షన్లలో ఏదీ దీన్ని ఆపేది కాదు. సెట్ మైనస్ యు అసలు విలువే ఇవ్వని వేరియబుల్‌ను పట్టుకుంటుంది, ఖాళీ విలువ ఇచ్చిన దాన్ని పట్టుకోదు. పైప్‌ఫెయిల్, మైనస్ ఈ కలిసి గ్రెప్ ఫెయిలవడాన్ని పట్టుకోవాలి. కానీ ఆ లైన్లో, వేరియబుల్‌ను ఫంక్షన్‌కే పరిమితం చేసే లోకల్ అన్న మాట, విలువ ఇవ్వడం ఒకేచోట ఉన్నాయి. అప్పుడు లైన్ ఫలితం గ్రెప్‌ది కాదు, లోకల్ కమాండ్‌ది. లోకల్ ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఆర్ఎం కమాండ్‌కు రూట్‌ను కాపాడే ఏర్పాటు అలవాటుగానే ఉంటుంది, కానీ అది ఒట్టి స్లాష్ ఇస్తేనే ఒప్పుకోదు. నక్షత్రాన్ని షెల్ ముందే విప్పేస్తుంది కాబట్టి ఆర్ఎంకు చేరేవి విడివిడి డైరెక్టరీల పేర్లు.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. 2015 జనవరిలో స్టీమ్ అనే గేముల సర్వీస్ లినక్స్ క్లయింట్ స్క్రిప్ట్‌లో అచ్చంగా ఇదే బయటపడింది. డైరెక్టరీ కనుక్కునే లైన్ ఫెయిలై వేరియబుల్ ఖాళీ అయింది, దాని కింద ఉన్న ఆర్ఎం లైన్ వాడేవాళ్ల ఫైళ్లు చెరిపేసింది. 2011లో బంబుల్‌బీ ప్రాజెక్ట్ స్క్రిప్ట్‌లో యూఎస్ఆర్ అనే డైరెక్టరీ పేరు తర్వాత ఒక స్పేస్ ఎక్కువ పడి, ఆ డైరెక్టరీ మొత్తం పోయింది. ఈ రెండూ టీమ్‌కు చెప్పాక, స్క్రిప్ట్ మీద చర్చ తీరే మారిపోయింది.

ఇంకో రెండు చిన్న సంగతులు. ఏజెంట్ రిపాజిటరీని (ఆప్ట్ ఆ ప్యాకేజీని తెచ్చుకునే చోటును) ముందే తీసేసి, ఎప్పుడూ ఏజెంట్ పెట్టని సర్వర్‌లో ఆప్ట్-గెట్ నడిపితే 'ప్యాకేజీ దొరకలేదు' అని 100 కోడ్‌తో ఆగుతుంది. అదే రిపాజిటరీ ఉంటే, 'ఇన్‌స్టాల్ అయి లేదు, తీయలేదు' అని సున్నాతో ముగుస్తుంది. పని ఒకటే, ఫలితాలు రెండు. దీనికి విసిగి టీమ్‌లో ఒకరు లైన్ల చివర 'ఆర్ ట్రూ' (ఫెయిలైనా బాగానే ఉందనుకో) తగిలించడం మొదలుపెట్టారు. అది మైనస్ ఈ ఇచ్చిన కాస్త రక్షణను కూడా తీసేయడమే. ఫంక్షన్‌ను ఇఫ్ షరతులో పిలిచినా, 'ఆర్'కు ఎడమ పక్కన పెట్టినా, ఆ ఫంక్షన్ లోపల మైనస్ ఈ పూర్తిగా నిద్రపోతుందన్నది వాళ్లకు కొత్త.

ఏం చేశాం, ఎందుకు

మొదటి నిర్ణయం: ఆటోరిమూవ్‌ను స్క్రిప్ట్ నుంచి పూర్తిగా తీసేయడం. ఏజెంట్ వెంట వచ్చిన లైబ్రరీలు కొన్ని మెగాబైట్లు. అవి మిగిలిపోతే నష్టం లేదు. ఎవరూ చూడకుండా నడిచే స్క్రిప్ట్‌లో, దేన్ని తీసేయాలో కమాండ్‌కే వదిలేయడం ఆ కాస్త స్థలం కోసం చేయాల్సిన పని కాదు. దీన్ని కొందరు వ్యతిరేకించారు, డిస్క్ శుభ్రంగా ఉండాలన్నారు. శుభ్రం చేయాలంటే మనిషి కూర్చుని జాబితా చదివి చేయాలన్నది నా మాట, దాని మీదే నిలబడ్డాను.

రెండోది, మూలాన్ని సరిచేయడం. ఏజెంట్ డిపెండెన్సీ లేకుండా మెటా-ప్యాకేజీ కొత్త వెర్షన్ తయారు చేయించి, ముందు దాన్ని అన్ని సర్వర్లకూ పంపాం. పాత ప్యాకేజీని 'మిస్క్' (ఇతరాలు) అనే సెక్షన్‌లో, అంటే వర్గంలో, పెట్టారు. 'మెటాప్యాకేజెస్' సెక్షన్‌లో ఉండి ఉంటే దాని డిపెండెన్సీల విషయంలో ఆప్ట్ వేరుగా నడుచుకునేది, అది పోగానే వాటిని అనవసరం అనుకునేది కాదు. కొత్తదాంట్లో సెక్షన్ మార్చాం. అయినా దాన్నే నమ్ముకోకుండా పోస్ట్‌గ్రెస్, వెబ్ సర్వర్ వంటి ముఖ్యమైన ప్యాకేజీలన్నిటినీ ఆప్ట్-మార్క్ మాన్యువల్‌తో గుర్తు పెట్టాం. ఇది ఒక్క లైన్ పని, ఏ సర్వర్‌లోనైనా ఈ రోజే చేసుకోవచ్చు.

మూడోది ఈ కేసుకు గుండెకాయ. ఆప్ట్-గెట్‌కు మైనస్ ఎస్ ఇస్తే ఏమీ తీయకుండా, ఏం తీస్తుందో మాత్రం చెబుతుంది. తీసే ప్రతి ప్యాకేజీకీ ఒక లైన్ వస్తుంది, రిమూవ్ అయితే 'రెమ్వ్' అని, పర్జ్ అయితే 'పర్గ్' అని మొదలవుతుంది. స్క్రిప్ట్ ముందుగా ఈ రిహార్సల్ నడిపి, ఆ పేర్లను అనుమతించిన జాబితాతో పోలుస్తుంది. ఆ జాబితాలో ఏజెంట్, దాని రెండు ప్లగిన్‌లు మాత్రమే ఉన్నాయి. నాలుగో పేరు కనిపించిందా, ఏమీ తీయకుండా ఆగి, ఆ పేరును హెడ్ ఆఫీసుకు పంపుతుంది. పోకూడని ప్యాకేజీల జాబితా పెట్టుకుందామని మొదట ఒక ఆలోచన వచ్చింది. ఒప్పుకోలేదు. పోకూడనివి ఏవేవో మనకు పూర్తిగా తెలియదు, అందుకే కదా ఈ పరిస్థితి వచ్చింది. పోవాల్సినవి ఏవో మాత్రం ఖాయంగా తెలుసు.

నాలుగోది, పర్జ్ బదులు రిమూవ్. కాన్ఫిగ్ మిగిలితే కొత్త ఏజెంట్‌లో తేడా వచ్చినా పాతదాన్ని మళ్లీ పెట్టుకోవడం తేలిక. పర్జ్‌ను నెలాఖరు లెక్కలు ముగిశాక చేసే విడి పనిగా పెట్టాం.

మిగతావి త్వరగా చెబుతాను. ప్యాకేజీ ఉందో లేదో చూడటానికి పైప్ తీసేసి, డీపీకేజీ-క్వెరీతో ఆ ఒక్క ప్యాకేజీ స్థితి అడిగాం. రిమూవ్ అయి కాన్ఫిగ్ మిగిలిన ప్యాకేజీకి కూడా డీపీకేజీ మైనస్ చిన్న ఎస్ సున్నానే ఇస్తుంది, అందుకే రిటర్న్ కోడ్‌ను కాక స్థితి మాటలను చదివాం. డైరెక్టరీని కాన్ఫిగ్ నుంచి చదవడం మానేసి, స్క్రిప్ట్‌లోనే పూర్తి పాత్ రాశాం. ఆర్ఎం లైన్లో వేరియబుల్ పేరు పక్కన బ్రేస్‌ల లోపల కోలన్, ప్రశ్నార్థకం పెట్టాం. విలువ లేకపోయినా, ఖాళీ అయినా అక్కడే ఆగుతుంది. ఒకే ఫైల్‌సిస్టమ్ దాటకూడదన్న ఆప్షన్ కూడా ఇచ్చాం, ఏజెంట్ డైరెక్టరీ లోపల ఎవరైనా నెట్‌వర్క్ షేర్ మౌంట్ చేసి ఉంటే దాని జోలికి పోకుండా. ఉదయాన ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆప్ట్ లాక్ పట్టుకుంటాయి కాబట్టి ఆప్ట్‌కు లాక్ టైమౌట్ (అది వదిలేదాకా ఎదురుచూసే గడువు) ఇచ్చాం. స్క్రిప్ట్ ముగిసేటప్పుడు నడిచే ఎగ్జిట్ ట్రాప్ నుంచి అసలు కోడ్‌నే రిపోర్ట్ చేయించాం. 'సక్సెస్' అనే ముందు సర్వీస్ లేదని, పోస్ట్‌గ్రెస్ క్లస్టర్ల జాబితా ముందూ తర్వాతా ఒకటేనని పోల్చాం. స్క్రిప్ట్‌ను, షెల్ స్క్రిప్ట్‌లలో తప్పులు వెతికే షెల్‌చెక్‌తో వడకట్టాం. లోకల్ లైన్ లాంటి తప్పులను అది చూడగానే పట్టేస్తుంది.

సెట్ మైనస్ ఈ, యు, పైప్‌ఫెయిల్ అలాగే ఉంచాం. అవి పనికిరావని నేను అనడం లేదు. పాత్ పేరు తప్పుగా టైప్ చేసినప్పుడు, డౌన్‌లోడ్ సగంలో ఆగినప్పుడు అవే కాపాడతాయి.

నడిపినప్పుడు

కొన్ని బ్రాంచీల చొప్పున, పని వేళలు ముగిశాక, డేటాబేస్ బ్యాకప్ హెడ్ ఆఫీసుకు చేరినట్టు చూసుకున్నాక నడిపాం. ఒక బ్రాంచిలో స్క్రిప్ట్ ఆగింది. రిహార్సల్ జాబితాలో ఎవరూ ఎదురుచూడని ప్యాకేజీ పేరు వచ్చింది. ఆ బ్రాంచిలో ఎవరో యూపీఎస్ అలర్ట్‌ల కోసం ఒక చిన్న ప్యాకేజీ పెట్టుకున్నారు, అది పాత ఏజెంట్ మీద ఆధారపడి నడుస్తోంది. పాత స్క్రిప్ట్ అయితే దాన్ని కూడా తీసేసి సక్సెస్ పంపేది. కరెంటు పోయి సర్వర్ ఉన్నట్టుండి ఆగినప్పుడే తెలిసేది. అలర్ట్‌లను కొత్త ఏజెంట్‌కు మార్చాక ఆ ఒక్క సర్వర్‌లో జూనియర్ ఇంజినీర్ చేత్తో కూర్చుని తీశారు.

వేరే డిస్ట్రిబ్యూషన్ల వాళ్లకు

ఇదే పని రెడ్‌హ్యాట్ కుటుంబంలో చేసేవాళ్లు ఒక తేడా గుర్తుంచుకోవాలి. అక్కడ ఆప్ట్ పని చేసేది డీఎన్ఎఫ్. డీఎన్ఎఫ్ రిమూవ్, అవసరం తీరిన డిపెండెన్సీలను విడిగా అడగకుండానే తీసేస్తుంది. మా స్క్రిప్ట్‌లో రెండు మెట్లలో జరిగింది అక్కడ ఒకే మెట్టులో జరుగుతుంది. నో-ఆటోరిమూవ్ ఆప్షన్ ఇస్తే ఆ అలవాటు ఆగుతుంది. అస్యూమ్-నో ఇస్తే జాబితా మొత్తం చూపించి, తనంతట తానే 'వద్దు' అనుకుని ఆగుతుంది, రిహార్సల్‌కు అదే దారి. అక్కడ పర్జ్ అన్న మాటే లేదు. మనం మార్చిన కాన్ఫిగ్ ఫైళ్లు 'ఆర్‌పీఎం-సేవ్' తోకతో మిగులుతాయి. ఉబుంటులో స్నాప్ అనే మరో రకం ప్యాకేజీగా పెట్టినవైతే, మామూలు రిమూవ్ డేటాను స్నాప్‌షాట్‌గా 31 రోజులు ఉంచుతుంది. పర్జ్ ఆప్షన్ ఇస్తే ఆ స్నాప్‌షాట్ తీయదు.